హేవ్‌లాక్ డైవ్ సెంటర్ రివ్యూ: చిలకచేపను తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళ కోసం

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను కానీ ముందు ఈ సెంటర్ ఎవరికి నచ్చుతుందో చెప్పాలి. నీళ్ళలో కాసేపు మునిగి, నారింజ రంగు నీమో చేప పక్కన ఫోటో దిగి వచ్చేద్దాం అనుకుంటే అండమాన్‌లోని ఈ హేవ్‌లాక్ దీవిలో ఇంతకంటే తక్కువ ధరకి చాలా చోట్ల పని అయిపోతుంది. రీఫ్ మీద, అంటే సముద్రంలో పగడాలు కట్టిన దిబ్బ మీద, ఒక చేప ఏం తింటుంది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఆ రాళ్ళతో దానికేం పని అని ఆగి చూడాలనుకునేవాళ్ళు మాత్రం ఇక్కడికే వెళ్ళండి. నేను వెళ్ళింది చిలకచేప కోసం, అదే ప్యారట్ ఫిష్. రివ్యూలో సగానికి పైగా దాని గురించే ఉంటుంది, ఎందుకంటే ఈ సెంటర్ వాళ్ళకి పని ఎంత బాగా వచ్చో నాకు తెలిసింది ఆ చేప దగ్గరే.

హేవ్‌లాక్‌కి 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. ఫెర్రీ బుక్ చేసేటప్పుడు పాత పేర్లూ కొత్త పేర్లూ రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి. మేము వైజాగ్ నుంచి వెళ్ళాం, నేను, మావారు, మా ఆడపడుచు కొడుకు. వాడికి పదకొండేళ్ళు. నాకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్ మొదటి కోర్సుది) ఉంది, మావారికి లేదు, కాబట్టి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనుంచే చూడటం), సర్టిఫికెట్ లేనివాళ్ళకి ఇచ్చే షోర్ డైవ్, రాత్రి డైవ్ అన్నీ మా ముగ్గురి మధ్య చూసినట్టే అయింది.

ఈ సెంటర్‌కి రాకముందు ఇంకో ఆపరేటర్ ప్యాకేజీలో ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్ళాం. అది చూశాక కానీ వీళ్ళ విలువ తెలియలేదు. అక్కడ బోటు దిగగానే లైఫ్ జాకెట్ తొడిగి, ఒక ట్యూబు చేతికిచ్చి, అందర్నీ వరసగా లాక్కుపోయి, చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్ ముక్కలు చల్లారు. చారల చేపలు గుంపుగా వచ్చాయి, అందరూ కేకలు వేశారు, అయిపోయింది. కాళ్ళు నొప్పెట్టినవాళ్ళు పగడాల మీద నిలబడ్డారు, ఎవరూ వద్దనలేదు. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న పట్టికే అది. ఆ మాట టికెట్ అమ్మేవాళ్ళు ఒక్కసారి చెప్తే చాలు, సగం మంది జాగ్రత్త పడతారు. ఇంకో సంగతి, బిస్కెట్ వేస్తే చిలకచేప రాదు. దాని తిండి రాతిలో ఉంటుంది.

ఇక ఈ సెంటర్. నీళ్ళలోకి దిగే ముందు ముప్పావు గంట కూర్చోబెట్టి చెప్తారు. కొంతమందికి ఇది విసుగు, మా పక్క జంట ఫోన్లు చూసుకుంటూనే ఉన్నారు. నాకైతే పెట్టిన డబ్బులో సగం ఇక్కడే గిట్టింది. చెప్పిన గైడ్ అమ్మాయి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్‌లో మెరైన్ బయాలజీ చదివిందట. బట్టీ పట్టినట్టు కాకుండా ప్రశ్నలడిగి చెప్పించింది. మా వాడు, ఆంటీ, దానికి ముక్కు ఉంటుందా అని అడిగితే అది ముక్కు కాదు పళ్ళని చెప్పి బొమ్మ గీసి చూపించింది.

నిజంగానే అవి పళ్ళే. చిన్న చిన్న పళ్ళు వరసలు వరసలుగా ఒకదానికొకటి అతుక్కుని చిలక ముక్కు ఆకారానికి వచ్చాయి. ముందు వరస అరిగి ఊడిపోతుంటే వెనక వరస ముందుకు వస్తూనే ఉంటుంది. 2017లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్ళు ఇదే కుటుంబంలోని ఒక పెద్ద జాతి పళ్ళని ఎక్స్‌రేలతో పరీక్షించారు. దాదాపు వెయ్యి పళ్ళు 15 వరసల్లో ఉన్నాయని, ఆ పంటి పదార్థం ఫ్లోరాపటైట్ అనే ఖనిజమని, దాని స్ఫటికాల పోగులు అల్లికగా ఉండటం వల్లే అంత గట్టిదనమని తేల్చారు. ఇది ముందు పళ్ళ సంగతి. గొంతులో ఇంకో జత ఉంటుంది, కొరికిన రాయిని అక్కడ పిండి చేస్తుంది. ఈ చేపకి కడుపంటూ విడిగా లేదు, పిండి అయినదంతా నేరుగా పేగులోకి పోతుంది, అరిగేది అరిగి మిగిలిన సున్నపు రాయి ఇసుకగా బయటికి వస్తుంది.

మరి రాయిలో తినడానికి ఏముంది అంటే, చచ్చిన పగడపు రాతి మీదా దాని పైపొరలోపలా సన్నటి నాచు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, కంటికి కనపడని ఇతర జీవాలు బోలెడు ఉంటాయి. పూర్వం ఈ చేపలు నాచు తింటాయని ఊరుకునేవారు. ఈమధ్య పరిశోధకులు అసలు లక్ష్యం ఆ సూక్ష్మజీవులే, మాంసకృత్తులు ఉన్నది వాటిలోనే అంటున్నారు. గైడ్ ఈ తేడా కూడా చెప్పింది, నేను ఆశ్చర్యపోయాను, టూరిస్టులకి ఇంత వివరంగా చెప్పేవాళ్ళు తక్కువ. బతికున్న పగడాన్ని చాలా జాతులు అంతగా ముట్టవు, కొన్ని పెద్దవి మాత్రం కొరుకుతాయి.

ఒక్క చోట మాత్రం ఆమె మాటతో నేను ఏకీభవించను. "ఈ తెల్లటి బీచ్ అంతా చిలకచేప రెట్టే" అంది, అందరూ నవ్వారు. చాలా చోట్ల గైడ్లు ఇదే చెప్తారు. మాల్దీవుల్లో వక్కరు అనే దీవి దగ్గర లెక్క కట్టి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి రీఫ్ మీద కొత్తగా తయారయ్యే ఇసుక పాటి రేణువుల్లో 85 శాతానికి పైగా చిలకచేపల వల్లే వస్తోందని తేలింది. అది ఆ దీవి లెక్క. ఇసుకలో గవ్వల ముక్కలు, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకులు, సున్నం కట్టే నాచు కూడా ఉంటాయి, ఏది ఎంత అనేది ప్రతి తీరానికీ మారుతుంది. మాల్దీవుల లెక్కని మాల్దీవులదని చెప్పినా వినేవాళ్ళకి అంతే ఆశ్చర్యంగా ఉంటుంది.

మేము చూసిన జాతి పేరు క్లోరురస్ సార్డిడస్. ఇంగ్లీషులో డైసీ ప్యారట్ ఫిష్ అంటారు. ఎర్ర సముద్రం నుంచి హిందూ మహాసముద్రం అంతటా రీఫ్‌ల మీద ఉంటుంది, మహా అయితే 40 సెంటీమీటర్లు పెరుగుతుంది. దీన్ని మొదట వర్ణించింది పీటర్ ఫోర్స్కాల్, డెన్మార్క్ రాజు అరేబియాకి పంపిన బృందంలో వెళ్ళి 1763లో యెమెన్‌లో చనిపోయాడు, ఆయన రాసుకున్న నోట్సుని తోటి యాత్రికుడు నీబూర్ 1775లో అచ్చు వేయించాడు. పసిఫిక్‌లో ఉన్నదాన్ని కూడా ఇదే అనుకునేవారు, ఇప్పుడు దాన్ని వేరే జాతిగా చూస్తున్నారు.

ఇక్కడ సెంటర్ మీద నా మొదటి ఫిర్యాదు. వాళ్ళు చేతికిచ్చే ప్లాస్టిక్ చేపల కార్డులో ఆకుపచ్చ, నీలం, బుగ్గన నారింజ మరకతో మెరిసిపోయే మగ చేప బొమ్మ ఒక్కటే ఉంది. నీళ్ళలో మీకు ఎక్కువగా కనిపించేది అది కాదు. ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి వంటి మీద తెల్లచుక్కల వరసతో, ఒక్కోసారి తోక మొదట్లో తెల్లటి పట్టీ, దాంట్లో నల్ల మచ్చతో ఉండే చేపలే ఎక్కువ, ఆ గుర్తులు కూడా చూస్తుండగానే తెచ్చుకుంటాయి, తీసేస్తాయి. ఇవి ఎక్కువగా ఆడవి. కార్డు చూసుకుని దిగినవాళ్ళు వీటిని పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోతారు, మా పక్క జంట అలాగే వెళ్ళారు. పిల్ల చేపలు మళ్ళీ ఇంకో రకం, పొడవునా చారలతో విరిగిన పగడపు ముక్కల మధ్య తిరుగుతాయి. ఒకే జాతి ఇన్ని వేషాలు వేయడం వల్లే పాతకాలపు శాస్త్రవేత్తలు చిలకచేపలకి వందల పేర్లు పెట్టేశారు, తర్వాత కలుపుకుంటూ వస్తే ఇప్పటికి నిలిచినవి దాదాపు 100 జాతులు. కార్డులో ఇంకో రెండు బొమ్మలు వేయడానికి పెద్ద ఖర్చు కాదు, వేయించండి.

ఆడ చేప మగ చేపగా మారే సంగతి గైడ్ చక్కగా చెప్పింది. ఒక పెద్ద రంగుల మగ చేప తన హద్దులో కొన్ని ఆడ చేపలతో ఉంటుంది. అది చచ్చిపోతేనో, ఏ వల్లోనో పడితేనో, ఆడవాటిలో పెద్దది మెల్లగా మగదిగా మారి రంగులు తెచ్చుకుని ఆ చోటు తీసుకుంటుంది. వీటిలో పుట్టుకతోనే మగవి అయ్యుండి ఆడవాటి రంగులోనే తిరిగేవి కూడా ఉంటాయి, గుడ్లు పెట్టే సమయానికి గుంపుగా వచ్చి చేరతాయి. చేపలు పట్టేవాళ్ళు ఎప్పుడూ పెద్దవీ రంగువీ చూసి తీస్తారు కాబట్టి నష్టం ఎక్కువగా మగవాటికే, కొత్త మగ చేప తయారయ్యేలోపు గుడ్లు పెట్టడం దెబ్బతింటుంది. మేము ఉన్న ఊళ్ళోనే ఒక రెస్టారెంటులో ఐసు మీద ఆకుపచ్చ చిలకచేపని పెట్టి అమ్ముతున్నారు, ఈ విషయం విన్న సాయంత్రమే చూడటంతో మా వాడు అక్కడ తిననన్నాడు, వేరే చోటికి వెళ్ళాం. సూరా, వంజరం దొరికే చోట దీన్ని తినాల్సిన అవసరం ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం. కరేబియన్‌లో 1983లో నాచు మేసే ఉర్చిన్లు (ముళ్ళబంతుల్లాంటి సముద్రజీవులు) జబ్బుతో మూకుమ్మడిగా చచ్చిపోయాక మేసే పని చాలావరకు చేపల మీదే పడింది, బెలీజ్ దేశం 2009లో చిలకచేపల్ని పట్టడమే నిషేధించింది.

డైవ్ ఎలా జరిగిందో చెప్తాను. మావారిది షోర్ డైవ్, ఒడ్డు నుంచే నడిచి వెళ్ళి దిగడం. ఈత రాకపోయినా పర్లేదు, ఒక్కో మనిషికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ వెనక పట్టుకునే ఉంటాడు. ముందు నడుంలోతులో మాస్క్‌లో నీళ్ళు తీసేయడం, చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం నేర్పి, టెన్షన్ తగ్గిందని చూసుకున్నాకే లోపలికి తీసుకెళ్ళారు, తొందరపెట్టలేదు. మనిషికి 3,500 తీసుకున్నారు, ఫోటోలు అందులోనే. బీచ్ మీద బేరమాడితే వెయ్యి తక్కువకి చెప్పేవాళ్ళు ఉన్నారు, కానీ ఒక ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరిని పట్టుకుని దించడం కళ్ళారా చూశాను, మీ ఇష్టం.

నా డైవ్ బోటు మీద. ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది లంగరు వేయకపోవడం. ముందే కట్టి ఉన్న, నీళ్ళ మీద తేలే బోయా తాడు పట్టుకున్నారు. లంగరు పడిన చోట పగడం పొడి అయిపోతుంది, ఏళ్ళ తరబడి మళ్ళీ రాదు. బోటు నడిపే ఆయన తెలుగాయనే, తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ మత్స్యకార కుటుంబం. అండమాన్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్కనుంచి ఎవరో ఒకరు పలకరిస్తారు. నేను ఏ చేప కోసం వచ్చానో విని, "ముందు సెవులెట్టండమ్మా, కరకరమని ఇనిపిస్తాది, అప్పుడు ఆ పక్కకి సూడండి" అన్నారు. డైవ్ మొత్తానికి నాకు పనికొచ్చిన సలహా అదే. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) బుడగల చప్పుడు మధ్యలో, ఊపిరి వదలడానికీ పీల్చుకోవడానికీ మధ్య ఆగినప్పుడు, రాయి కొరుకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

గైడ్ మమ్మల్ని ఎనిమిది మీటర్ల లోతులో ఒకే చోట ఆపేసింది. చుట్టూ తిప్పలేదు. గుండ్రటి పెద్ద పగడపు బండ, పక్కన విరిగిన ముక్కలు పరుచుకున్న నేల, మధ్యలో కాస్త ఇసుక. ఈ చేపకి ఈ మూడూ కావాలి, మేయడానికి పాత రాయి, పిల్లలు దాక్కోవడానికి ముక్కలు, రాత్రి దూరడానికి బండ కింద సందులు. కాసేపటికి చేపలు మా ఉనికిని పట్టించుకోవడం మానేశాయి. గోధుమ రంగు గుంపు ముందు ఛాతీ రెక్కలు మాత్రమే ఆడిస్తూ వచ్చింది, తోక వాడేది పారిపోవాలంటేనే. ఒక్కొక్కటీ తలవంచి టక్కున కొరికి రెండడుగులు జరిగి మళ్ళీ కొరుకుతుంది, రాతి మీద తెల్లటి గాట్లు పడుతున్నాయి. కాసేపటికోసారి వెనక నుంచి తెల్లటి ఇసుక ధార వదిలి ముందుకు పోతుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ మీద డేవిడ్ బెల్‌వుడ్ అనే శాస్త్రవేత్త 1995లో లెక్క వేసి చూపించారు, ఇంత చిన్న చేప ఒక్కటి ఏడాదికి దాదాపు 24 కిలోల రీఫ్‌ని కొరికేస్తుంది, దీని పెద్ద బంధువు ఒకటైతే టన్ను దాకా. ఆ లెక్క చదవడం వేరు, ముందు కూర్చుని చూడటం వేరు.

ఆ గాట్లు ఎందుకు ముఖ్యమో కూడా అక్కడే అర్థమైంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి, 2016లో మళ్ళీ దెబ్బ. చచ్చిన పగడాన్ని నాచు కప్పేస్తే, నీళ్ళలో తేలుతూ వచ్చే కొత్త పగడపు పిల్ల అతుక్కోవడానికి చోటుండదు. చిలకచేప గీకిన చోట రాయి బయటపడుతుంది. చిలకచేపలుంటే చాలు రీఫ్ బతికేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, నీళ్ళ వేడి తగ్గకపోతే ఏ చేపా కాపాడలేదు. కానీ ఇవి కూడా లేకపోతే కోలుకునే దారి ఇంకా మూసుకుపోతుంది. మేము చూసిన బండ మీద అరచేతిలో సగం కూడా లేని కొత్త పగడాలు చాలా చోట్ల కనిపించాయి, గైడ్ ఒక్కొక్కటీ వేలు తగలకుండా దూరం నుంచి చూపించింది.

రాత్రి డైవ్‌కి వస్తాను. దీనికి కనీసం ఓపెన్ వాటర్ ఉండాలి, 5,500 తీసుకున్నారు, నలుగురికి మించి తీసుకెళ్ళరు. ఈ జాతి చీకటి పడ్డాక రాతి సందులో దూరి, నోటి నుంచి, మొప్పల దగ్గర నుంచి జిగురు వదిలి తన చుట్టూ పల్చటి సంచి కట్టుకుని పడుకుంటుంది. అది వాసన బయటికి పోకుండా పెద్ద చేపల నుంచి కాపాడుతుందని అనుకునేవారు. 2011లో అలెగ్జాండ్రా గ్రట్టర్ అనే శాస్త్రవేత్త బృందం ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ఐలాండ్‌లో ప్రయోగం చేసి, నాథిడ్‌లు అనే రక్తం పీల్చే చిన్న పురుగుల్ని వదిలి చూశారు. సంచి తీసేసిన చేపల్లో 94 శాతాన్ని పురుగులు కుట్టాయి, సంచి ఉన్నవాటిలో 10 శాతాన్నే. అంటే మనం కట్టుకునే దోమతెరే అది. పగలు ఈ పురుగుల్ని క్లీనర్ చేపలు ఏరిపెడతాయి, రాత్రి అవి నిద్రపోతాయి కాబట్టి ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకోవాలి.

మేము చూసింది ఒక బండ కింద, రంగుల మగ చేప. టార్చిని నేరుగా కొట్టకుండా పక్క రాతి మీద వేసి ఆ వెలుగులో చూడమంది గైడ్. జిగురు పొర మీద ఇసుక రేణువులు అంటుకుని ఉండటం వల్ల అది ఉందని తెలిసింది, లేకపోతే కనిపించదు. మొప్పలు నెమ్మదిగా కదులుతున్నాయి. మిగతా ముగ్గురు కూడా వరసగా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి పక్కకి తప్పుకున్నారు.

ఆ తర్వాత జరిగిందే ఒక స్టారు తీసేసింది. ఇదే సెంటర్ వీడియోగ్రాఫర్, మా వెనకే దిగినవాడు, రెండు పెద్ద లైట్లు చేపకి జానెడు దూరంలో పెట్టేశాడు. చేప పొర చించుకుని బయటికొచ్చి, వెలుగుకి కళ్ళు కనపడక రాతికి కొట్టుకుని చీకట్లోకి పోయింది. సంచి కట్టుకోవడానికి దానికి గంట దాకా పట్టొచ్చు, ఆ రాత్రి అది మళ్ళీ కట్టుకుందో లేదో. గైడ్ నీళ్ళలోనే అతన్ని వెనక్కి లాగింది, పైకొచ్చాక గట్టిగానే అడిగింది కూడా. మేనేజర్‌కి నేను చెప్తే, వీడియో కావాలని అడిగేవాళ్ళు ఎక్కువండీ అన్నారు. పగలు లంగరు వేయకుండా అంత జాగ్రత్త పడే సెంటర్ రాత్రి ఇలా వదిలేయడం నాకు అస్సలు నచ్చలేదు. రాత్రి డైవ్‌లో వీడియో ప్యాకేజీ తీసేస్తే అయిదో స్టారు నేనే వచ్చి ఇస్తాను. అప్పటిదాకా మీరు బుక్ చేసేటప్పుడే వీడియో వద్దని, లైట్లు పెట్టే మనిషి లేని బ్యాచ్‌లో వేయమని అడగండి.

మిగతావి త్వరగా రాసేస్తాను. మాస్కులు, రెగ్యులేటర్లు కొత్తవి, శుభ్రంగా ఉన్నాయి. వెట్‌సూట్లు బాగా పాతబడ్డాయి, ఆడవాళ్ళ సైజులు తక్కువ, ముందే ఫోన్ చేసి చెప్పుకోండి. బట్టలు మార్చుకునే గది ఒక్కటే, లైను ఉంటుంది. పిల్లల స్నార్కెలింగ్‌కి మనిషి విడిగా వచ్చాడు, మా వాడు పొడవు చారల పిల్ల చిలకచేపల్ని తనంతట తనే పోల్చుకున్నాడు. పదేళ్ళు నిండితేనే స్కూబా, అంతకంటే చిన్నవాళ్ళని ఎవరైనా దించుతామంటే ఒప్పుకోకండి. ఆస్తమా, చెవి సమస్యలు ఉంటే ఫారంలో దాచకండి, డాక్టర్ని అడిగి వెళ్ళండి. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఈతకి వేసుకునే బిగుతు చొక్కా) వేసుకోండి, రీఫ్‌కీ మంచిది, వీపు కూడా మాడదు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పగడపు ముక్క ఒడ్డున దొరికినా సంచిలో వేసుకోవద్దు, తీసుకెళ్ళడం నేరం. డైవ్‌ని తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం పెట్టుకోకండి, చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలైనా ఉండాలి. ఈ సెంటర్ వాళ్ళు బుకింగ్ అప్పుడే ఫ్లైట్ టైము అడిగి రాసుకుంటారు, రాత్రి డైవ్‌కి ఆ లెక్క కుదరకపోతే డబ్బులొస్తున్నా వద్దనే చెప్తారు, మా కళ్ళముందే ఒక కుటుంబానికి అలా చెప్పి పంపించారు.